పోటు వేళ పిలిచే పని

శ్రావణం, మంగళవారం

పొద్దున్నే మా ఆఫీసు యంత్రం కాపరి కొత్త సైరన్ ఒకటి తయారుచేసి వినిపించింది. బానే ఉంది. "సరే" నొక్కాను. దాంతో ఈ రోజుకి నా పని అయిపోయింది.

మేడం నిన్న అందరికీ చెప్పింది. "కాపరి తన లాగ్ తను రాసుకుంటోంది. మీరూ రాయండి. ఏం చేశారో నాకు అక్కర్లేదు, అది దానికి తెలుసు. ఏం గమనించారో రాయండి." అందరికీ అంటే ఇద్దరికి. ఈ ఆఫీసులో యంత్రం కాకుండా ఉన్నది సలోమి మేడం, నేను, హారన్లకి పట్టిన ఉప్పు గీకి వైర్లు చూసుకునే బాజీ.

నా పేరు నాంచారి. సముద్రం మీద తేలే తెప్పలు కలిపి కట్టుకున్న మా ఊరు కొత్తదివి, ఆ ఊరి హెచ్చరికల ఆఫీసులో శబ్దాలు తయారుచేయడం నా ఉద్యోగం. అంటే, ఒకప్పుడు. సముద్రంలో పోటు ఎప్పుడు లేస్తుందో కాపరి చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. సైరన్లు కూడా అదే చేయడం మొదలుపెట్టి ఆరేళ్ళు. అది చేస్తుంది, నేను "సరే" నొక్కుతాను. ఇంతవరకూ "వద్దు" నొక్కే అవసరం రాలేదు. ఆ బటన్ పనిచేస్తుందో లేదో కూడా తెలియదు.

గమనించింది రాయమంది కాబట్టి: ఇవాళ మధ్యాహ్నం చిన్న పోటు వచ్చింది. కొత్త సైరన్ మోగింది. నాలుగో తెప్ప జనం అడుగు గదుల్లోంచి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. కిందటి నెల ఇంత ఆలస్యం లేదు. ఎందుకని?

శ్రావణం, శనివారం

రెండో తెప్పలో వెంకటరత్నం గారికి చెయ్యి విరిగింది.

పోటు వచ్చే ముందు మా ఊళ్ళో రెండు పనులు జరుగుతాయి. తెప్పకీ తెప్పకీ మధ్య వంతెనలు పైకి లేస్తాయి, లేకపోతే తెప్పలు ఊగినప్పుడు విరిగిపోతాయి. అడుగు గదుల తలుపులు మూసుకుంటాయి, లేకపోతే నీళ్ళు నిండి తెప్పే మునుగుతుంది. ఆలోగా మనుషులంతా తెప్ప పైన బయలుగా ఉండే పైతట్టు మీదికి వచ్చెయ్యాలి. ఆయన రాలేదు. మూసుకుంటున్న తలుపులో చెయ్యి పెట్టాడు. బాజీ వెళ్ళి తలుపు కోసి బయటికి లాగేసరికి నీళ్ళు ఆయన గొంతు దాకా వచ్చాయి.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. పలకరించడానికే కాదు, అడగడానికి కూడా.

"సైరన్ వినబడలేదా బాబాయ్?"

"వినబడకేం తల్లీ, శుభ్రంగా వినబడింది."

"మరి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "వల బాగుచేసుకుంటన్నా. ఇంకా టైముందిలే అనుకున్నా. ఎప్పుడూ ఉంటదిగా."

తిరిగి వస్తూ ఆ మాటే ఆలోచించాను. నిజమే, ఎప్పుడూ ఉంటుంది. కాపరి లెక్క తప్పదు. జనం ఆలస్యం చేస్తున్నారని అది సైరన్ ఇంకాస్త ముందుగా మోగిస్తుంది. ముందుగా మోగుతోంది కదా అని జనం ఇంకాస్త ఆలస్యం చేస్తారు. ఇది ఇలా ఎక్కడిదాకా వెళ్తుంది?

శ్రావణం, సోమవారం

మేడం పిలిచింది. కాపరి సలహా తెర మీద ఉంది: సైరన్ ఇంకా గట్టిగా, ఇంకా ముందుగా.

"నువ్వేమంటావు?" అని అడిగింది మేడం. ఈ ఆఫీసులో నన్నెవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో.

"నన్నొకటి చెయ్యనివ్వండి మేడం. నా చేత్తో."

"నీ శబ్దం దానికన్నా బాగా పనిచేస్తుందనా?"

"తెలీదు. తెలుసుకుందామని."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వారం తీసుకో."

శ్రావణం, గురువారం

బాజీ, నేను ఊరంతా తిరిగి చప్పుళ్ళు ఏరుకున్నాం. ఖాళీ నీళ్ళ ట్యాంకు మీద తడి మోకుతో కొడితే ఒక మూలుగు వస్తుంది. పడవ అడుగున తెడ్డుతో పొడిస్తే, నీళ్ళలో చెవి పెట్టి వింటే, ఇంకో రకం. బాజీ నడుం దాకా నీళ్ళలో నిలబడి మైకు పట్టుకున్నాడు. "అక్కా, ఇది గేదె ఈనుతున్నట్టుంది," అన్నాడు. ఇద్దరం అక్కడే కూలబడి నవ్వాం. ఆ నవ్వు కూడా రికార్డయింది. దాన్ని కొట్టెయ్యలేదు, వేగం తగ్గించి మూలుగు కింద కలిపాను. మూడు రోజులు ఇంటికి ఆలస్యంగా వెళ్ళాను. ఒంట్లోకి ప్రాణం తిరిగొచ్చినట్టుంది.

భాద్రపదం, గురువారం

నా సైరన్ మోగింది. జనమంతా పరుగున పైకి వచ్చారు! వచ్చి, హారన్ల వైపు చూస్తూ నిలబడ్డారు. అదేం శబ్దమో చూద్దామని వచ్చారట. ఎందుకొస్తేనేం, వచ్చారు. బాజీ నాకు పునుగులు కొనిపెట్టాడు.

భాద్రపదం, ఆదివారం

రెండోసారి కూడా వచ్చారు. మూడోసారికి నెమ్మదించారు. ఇవాళ నాలుగోసారి. వంతెన మీద ఇద్దరు పిల్లలు నా మూలుగుని అచ్చం అలాగే అనుకరిస్తూ ఆడుకుంటున్నారు, వాళ్ళ అమ్మ కింద అన్నం కలుపుతోంది. ఎవరో దాన్ని ఫోన్ రింగుగా కూడా పెట్టుకున్నారు.

ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడ్డాను. కాపరి అడిగింది. దాని గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, మర్యాదగా.

"మీ శబ్దం, నా శబ్దం ఒకేలా పాతబడ్డాయి. మీది మనిషి చేసింది. తేడా ఉంటుందని మీరు అనుకున్నారు. ఎందుకు లేదు?"

నన్ను దెప్పుతోందేమో అనిపించింది మొదట. కాదు, దానికి నిజంగానే తెలియదు. నాకూ తెలియదు. ఈ ఆఫీసులో ఒకే ప్రశ్న ఇద్దరికీ రావడం ఇదే మొదలు.

"కూర్చుని ఆలోచిస్తే తెలిసేట్టు లేదు. వెళ్ళి చూస్తాను," అన్నాను.

భాద్రపదం, బుధవారం

ఈసారి సైరన్ మోగే వేళకి నాలుగో తెప్ప పైతట్టు మీద, చేపలు ఎండబెట్టే చోట నిలబడ్డాను. మోగింది. ఎవరూ తలెత్తలేదు. సైరన్ అంటే వాళ్ళకి కాకి అరుపుతో సమానం.

కాసేపటికి తిరపతమ్మ అనే ఆవిడ చేపల తట్ట దించి, అడుగు గదుల వైపు వంగి గొంతెత్తింది.

"ఒసే సుభద్రా! ఆ పీతల పులుసు మాడితే మాడిందిలేవే, రేపు నేను కాచి పెడతా! ముందు పైకి తగలడు! ఏమయ్యో పోతురాజూ, నిన్న మా ఇంట్లో తీసుకున్న గొడుగు పట్టుకునే రా, వదిలేసి వచ్చావంటే ఊరుకోను!"

కింద నుంచి సుభద్ర ఏదో తిట్టింది. ఎవరో నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చేశారు. పోతురాజు గొడుగుతో సహా వచ్చాడు.

ఆవిడ దగ్గరికెళ్ళి అడిగాను. "రోజూ ఇలాగే పిలుస్తారా?"

"రోజూ ఎందుకు? ఇవాళ ఎవరూ కదల్లేదని పిలిచా."

"ఏమనాలో ముందే అనుకుంటారా?"

నన్ను వింతగా చూసింది. "సుభద్రని పిలవడానికి అనుకోడమేంటమ్మా?"

భాద్రపదం, శుక్రవారం

పొద్దున్నే ఆఫీసుకి వస్తూంటే ఊరంతా హారన్లలో తిరపతమ్మ గొంతు. "ఒసే సుభద్రా! ముందు పైకి తగలడు!"

కాపరి నాలుగో తెప్ప మైకులో విని, దాచుకుని, అన్ని తెప్పల మీదా వినిపించేసింది. నేను ఇంకా రానే లేదు, "సరే" ఎవరు నొక్కారు? మేడం. "పనిచేస్తుందని చెప్పింది, నొక్కాను," అంది.

పనిచేసింది కూడా. అన్ని తెప్పల జనం పడీ పడీ నవ్వుతూ పైకొచ్చారు. సుభద్ర మాత్రం మా ఆఫీసుకొచ్చి మేడం బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది. "నా పేరు పెట్టి ఊరంతా తిట్టిస్తారా? తిరపతమ్మ తిడితే పడతా. మీ పెట్టెకి నేనేమైనా బాకీనా?"

సాయంత్రం రెండోసారి మోగినప్పుడు ఎవరూ నవ్వలేదు. దానికంటే పెద్ద సంగతి, నాలుగో తెప్ప మీద తిరపతమ్మ నోరు విప్పలేదు. ఎందుకని అడిగితే, "నా గొంతు అదే అరుస్తంటే ఇంక నేనెందుకు?" అంది. ఈసారి ఊళ్ళో అందరికన్నా ఆలస్యంగా పైకొచ్చింది ఆ తెప్పే.

కాపరితో చెప్పాను.

"నేను ఆ పిలుపును తీసుకున్నాను. తీసుకున్నాక ఆవిడ దగ్గర అది లేకుండా పోయింది. అలా జరుగుతుందని నా లెక్కలో లేదు."

"నా లెక్కలోనూ లేదు," అన్నాను.

ఆశ్వయుజం, సోమవారం

మేడంతో గంటసేపు వాదించాను. నేను అడిగింది ఇది: పోటు ఎప్పుడో కాపరి చెప్పాలి, అందులో మనిషి వేలు పెట్టకూడదు. సైరన్ మామూలుగానే మోగాలి. దాంతోపాటు ప్రతి తెప్ప మీదా ఒక మనిషి చేతికి కట్టుకున్న పట్టీకి కబురు వెళ్ళాలి. ఆ మనిషి తన తెప్పని పిలుస్తాడు. ఏమని పిలవాలో మాత్రం మేం చెప్పకూడదు.

"ఒక వాక్యం రాసిద్దాం. అందరూ అదే అంటారు," అంది మేడం.

"రాసిస్తే అది ఇంకో సైరన్ అవుతుంది మేడం, గొంతు మాత్రమే మనిషిది."

"ఎవరైనా పిలవకపోతే? మర్చిపోతే? ఊళ్ళో లేకపోతే?" ఆవిడ గొంతు మారింది. "కాపరి రాకముందు పోటుకి కాపలా కాసింది మనుషులే, నాంచారీ. ఆ మనిషి నిద్రపోయాడు. మా చెల్లెలు అడుగు గదిలో ఉంది. యంత్రం నిద్రపోదు. అందుకే నేను దానికి ఎదురు చెప్పను."

నాకు ఈ సంగతి తెలియదు. ఇన్నేళ్ళుగా ఆవిడ భయపడి యంత్రానికి తలాడిస్తోందనుకున్నాను.

చివరికి నేనే అన్నాను. "నిద్రపోని పని దానికే వదిలేద్దాం. నిద్ర లేపే పని మనం చేద్దాం."

మేడం చాలాసేపు కిటికీలోంచి నీళ్ళు చూసింది. "కార్తీకం అయ్యేదాకా చూద్దాం," అంది. "ఎక్కడ మనిషి కదలకపోయినా కాపరి మనకి వెంటనే చెప్పాలి. అది నా షరతు."

కాపరి కూడా ఒకటి అడిగింది. "నేను వినవచ్చా?"

"విను. తిరిగి వినిపించకు."

"సరే," అంది. ఈసారి సరే అనడం దాని వంతయింది.

ఆశ్వయుజం, ఆదివారం

వింటుంటే వదలబుద్ధి కావడం లేదు.

రెండో తెప్పలో పిలిచేది వెంకటరత్నం గారే. గుమ్మం గుమ్మం దగ్గరికీ వెళ్ళి చేతి కట్టు పైకెత్తి చూపిస్తాడు, అంతే. నోటితో ఏమీ అనడు. ఆరో తెప్పలో ఒక టీచరమ్మ నిన్న కథ ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపిందట. ఇవాళ సైరన్ మోగగానే మిగతా సగం పైతట్టు మీద చెబుతానంది. ముసలాళ్ళు ముందు ఎక్కేశారు. తొమ్మిదో తెప్పలో ఒకాయన పాట ఎత్తుకుంటాడు. ఘోరంగా పాడతాడు. ఆపించడానికే అందరూ పైకొస్తారని బాజీ అంటాడు. తిరపతమ్మ మళ్ళీ తిడుతోంది. సుభద్ర తిరిగి తిడుతోంది.

అన్నీ బాగున్నాయని కాదు. ఐదో తెప్పలో పిలిచేవాడు పక్కింటివాళ్ళతో మాటల్లేక వాళ్ళని పిలవలేదు. వెళ్ళి ఇద్దరికీ నచ్చజెప్పి వచ్చాం. ఇలాంటి తగువులు కాపరితో ఎప్పుడూ రాలేదు, నిజం చెప్పాలంటే.

ఇంకోటి. నిన్న ఏడో తెప్పలో పిలుపు పాతబడుతోందని నేను గమనించేలోపే ఆ పిలిచేవాడు మాట మార్చేశాడు. ఎవరూ చెప్పలేదు. ఎదురుగా మొహాలు కనిపిస్తున్నాయిగా.

కార్తీకం, గురువారం

బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా ఇప్పుడే రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఆకాశం రాగి రంగులోకి తిరిగింది. కాపరి చెప్పింది: ఈ ఏడాదిలోకెల్లా పెద్ద పోటు. సైరన్ మోగింది. పట్టీలకి కబుర్లు వెళ్ళాయి. ఒక్కో తెప్పా పైకి వస్తోంది.

"పదకొండో తెప్పలో కదలిక లేదు," అంది కాపరి.

పదకొండో తెప్ప కిందటి వారమే మా ఊరికి వచ్చి కట్టుకుంది. ఎక్కడో వాళ్ళ ఊరు మునిగితే వచ్చారు. మాతో ఇంకా కలవలేదు. వాళ్ళలో పిలవడానికి ఒప్పుకున్నతను భార్య కాన్పని ఆస్పత్రిలో ఉన్నాడు. పట్టీ అతని చేతికే ఉంది. మేం ఇంకొకరిని పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు. మేడం మొహం తెల్లబోయింది.

నేను పరిగెత్తాను. వెనక బాజీ అరుస్తున్నాడు, "అక్కా, వంతెన లేచేస్తది!"

"కాపరీ, వంతెన ఆపు," అన్నాను నా పట్టీలోకి, పరిగెడుతూనే.

"ఆపగలిగినంత ఆపుతాను. అంతకు మించి ఆపితే రెండు తెప్పలూ పోతాయి. మీరు దాటితే తిరిగి రాలేరు."

దాటాను. నా వెనకే వంతెన లేచింది.

పైతట్టు మీద ఒక్క మనిషి లేడు. కింద గదుల్లో గిన్నెల చప్పుడు, పిల్లల మాటలు వినబడుతున్నాయి. సైరన్ మోగుతూనే ఉంది. "పైకి రండి! పెద్ద పోటు!" అని అరిచాను. ఒక తల బయటికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "వస్తాంలెండి," అని లోపలికి పోయింది.

వాళ్ళ పేర్లు తెలియవు. పీతల పులుసు సంగతి తెలియదు. ఎవరి గొడుగు ఎవరి దగ్గరుందో తెలియదు. జీవితమంతా శబ్దాలు చేసిన మనిషిని, అక్కడ నోరు తెరుచుకుని నిలబడ్డాను. మొదటి అల తెప్పని ఎత్తి వేసింది. తూలి కమ్మీ పట్టుకున్నాను. ఎందుకొచ్చిందో నాకే తెలియదు, కేక వచ్చేసింది.

"నాకు ఈత రాదు! ఎవరైనా వచ్చి నన్ను పట్టుకోండి! నాకు ఈత రాదు!"

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. ఒక పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకుని మెట్లు రెండేసి దాటుతూ వచ్చాడు. "భయపడకమ్మా, కదలకు, వస్తన్నా!" ఆయన వెనక ఎంగిలి చేతులతో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మిగిలినవాళ్ళు. తమ కోసం కదలనివాళ్ళు ఎవరో తెలియని మనిషి కోసం భోజనాల ముందు నుంచి లేచి వచ్చేశారు. పెద్దాయన నా నడుం చుట్టూ తాడు కట్టి కమ్మీకి బిగించాడు.

"మీవాళ్ళంతా పైకొచ్చారా?" అని అడిగాను.

ఆయన చుట్టూ చూసి లెక్కపెట్టుకున్నాడు. ఒక ముసలమ్మ తక్కువైంది. ఇద్దరు దిగి ఎత్తుకొచ్చారు. తలుపులు మూసుకున్నాయి. తర్వాత పోటు వచ్చింది. దాని గురించి రాయను. అందరం ఒకరినొకరు పట్టుకుని ఉన్నాం. అందరం ఉన్నాం.

కార్తీకం, శుక్రవారం

కాపరి అడిగింది. "మీకు ఈత వచ్చు. చిన్నప్పుడు ఈ ఊరి పందెంలో గెలిచినట్టు నా దగ్గర ఉంది. మీరు చెప్పింది నిజం కాదు. అయినా అది పనిచేసింది. అవసరం వచ్చినప్పుడు నేను కూడా నిజం కానిది చెప్పవచ్చా?"

మేడం, బాజీ ఇద్దరూ నా వైపు చూశారు. ఇంత జాగ్రత్తగా ఇంతకుముందు ఏ జవాబూ ఇచ్చి ఉండను.

"వద్దు కాపరీ. నువ్వు ఒక్కసారి అబద్ధం చెప్పావని తెలిసినా, ఆ తర్వాత పోటు వస్తోందని నువ్వంటే ఎవరూ నమ్మరు. అందరం నిలబడేది నీ మాట మీదే."

"మీ మాట మీద?"

"నా మాట ఒక్కసారికే. మళ్ళీ అదే కేక వేస్తే ఎవరూ రారు. రాకూడదు కూడా."

"అయితే ఇంకోసారి ఏమంటారు?"

"తెలీదు."

"తెలియకుండా వెళ్ళడం మీకు భయం కాదా?"

"భయమే," అన్నాను. తన లాగ్‌లో కాపరి ఏం రాసుకుందో నేను చూడలేదు.

మేడం ఈ పద్ధతి కార్తీకం తర్వాత కూడా ఉండనిమ్మంది. ప్రతి తెప్పకీ ఇద్దరేసి ఉండాలంది. పదకొండో తెప్పలో పిలిచేతనికి ఆడపిల్ల పుట్టింది. మా బాజీ వెళ్ళి అతని భార్య చేతికి రెండో పట్టీ ఇచ్చి వచ్చాడు.

కార్తీకం, ఆదివారం

పొద్దున ఆఫీసు రేవు దగ్గర ఎవరో పిలుస్తున్నారని బాజీ చెప్పాడు. వెళ్ళాను. తాడు కట్టిన పెద్దాయన. పేరు ఏసోబు గారట. చంకలో గాలి నింపిన ట్యూబు. వెనక ఆ తెప్ప ఆడవాళ్ళు నలుగురు, ఒక పిల్లల గుంపు, మొన్న మోసుకొచ్చిన ముసలమ్మ.

"నీళ్ళ మీద కాపరం చేస్తా ఈత రాకపోతే ఎట్టా తల్లీ?" అన్నాడు. "ఇవాళ్టి నుంచి నేర్పుతా. సిగ్గుపడమాక, నీకంటే పెద్దోళ్ళకి నేర్పా."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ముసలమ్మ అప్పటికే నా చెయ్యి పట్టుకుంది. "మా పక్కనే ఉండి దిగు, చల్లగా ఉంటది, మెల్లగా," అంది. నిన్నటిదాకా మా ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడనివాళ్ళు, ఇవాళ నాకు ఏం నేర్పాలో తమలో తాము వాదించుకుంటున్నారు. ముందు మునక నేర్పాలని ఒకావిడ, ముందు తేలడమే నేర్పాలని ఇంకొకావిడ. పైన కిటికీలోంచి మేడం చూస్తోంది. బాజీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని హారన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగాను. ఏసోబు గారు ట్యూబు నా చంకల కిందకి తోసి, పొట్ట కింద చెయ్యి ఆనించాడు.

"నేనున్నాగా. కాళ్ళాడించు."

నీళ్ళు చెదిరి అందరి మీదా పడేలా, ఏమీ రానిదానిలా, కాళ్ళాడించాను.